కారు అడుగుకు ఏ కోటింగ్ మంచిది? మంచు ఉప్పుకు ఒక జవాబు, మన వాన నీటికి ఇంకో జవాబు

కిందటి అక్టోబర్ మొదటి వారంలో మా మేనకోడలు నోవై నుంచి ఫోన్ చేసింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, డెట్రాయిట్ పక్కన ఊరు. "మావయ్యా, కొత్త కారు కొన్నాం. రస్ట్ ప్రూఫింగ్ ప్యాకేజీ తీసుకోమని షోరూమ్‌వాళ్లు ఒకటే పోరు. 900 డాలర్లట. తీసుకోమంటావా?" అని అడిగింది. అదే వారం మల్కాజిగిరిలో మా పక్కింటాయన కూడా కొత్త కారు తెచ్చుకోవడానికి వెళ్తూ దాదాపు అదే మాట అడిగారు. ఆయనకు షోరూమ్‌లో చెప్పింది 6,500 రూపాయలు, "అండర్‌బాడీ యాంటీ రస్ట్ కోటింగ్" అని.

ఇద్దరికీ వద్దనే చెప్పాను. కానీ కారణాలు వేరు, ఆ డబ్బుతో బదులుగా ఏం చేయాలన్నదీ వేరు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మన ఇళ్లలో సగం మందికి మంచు పడే ఊళ్లలో పిల్లలున్నారు, మిగతా సగం మందికి సముద్రం పక్కన పుట్టిళ్లున్నాయి. కాబట్టి ఇది చాలామందికి పనికొస్తుంది.

ముందు నా కారు సంగతి చెప్పాలి. 2011 జులైలో, వానలు పడుతున్న రోజుల్లో, ఒక వర్క్‌షాప్‌లో నా చిన్న కారుకు నల్లటి రబ్బర్ కోటింగ్ వేయించాను. పొద్దున కారు ఇచ్చాను. వాటర్ సర్వీసింగ్ చేశారు, మధ్యాహ్నానికి కోటింగ్ కొట్టారు, సాయంత్రం తాళాలు చేతికిచ్చారు. అడుగున తడి పూర్తిగా ఆరిందో లేదో వాళ్లు చూడలేదు, నేనూ అడగలేదు. ఐదేళ్ల తర్వాత ఒకరోజు డ్రైవర్ సీటు ముందు మ్యాట్ ఎత్తితే కింద చెమ్మ తగిలింది. ర్యాంప్ ఎక్కించి చూస్తే కోటింగ్ నల్లగా నున్నగా చెక్కుచెదరకుండా కనిపించింది. మెకానిక్ స్క్రూడ్రైవర్ మొనతో గీకగానే అప్పడంలా ఊడొచ్చింది. దాని వెనక అంతా ఎర్రటి పొడి. రెండు చోట్ల రేకు చిల్లు పడిపోయింది. ఆ రేకు కోసి, కొత్త ముక్క వెల్డింగ్ పెట్టించి, రెడ్ ఆక్సైడ్ కొట్టించేసరికి 14,000 రూపాయలయ్యాయి. అసలు కోటింగే లేకపోతే ఆ తుప్పు మొదటి ఏడాదే కంటికి కనబడేది, వైర్ బ్రష్‌తో పోయేది.

అప్పటినుంచి ఎవరు ఏ కోటింగ్ గురించి చెప్పినా నేను అడిగేది ఒక్కటే: అది ఆరి గట్టిపడేదా, లేక మెత్తగానే ఉండేదా? మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ఉప్పు చేసే పని

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉప్పు తనంతట తాను రేకును తినదు. అది నీటిలో కరిగి, ఆ నీటిలో కరెంటు తేలిగ్గా పారేలా చేస్తుంది. తుప్పు పట్టడమంటే ఒక చిన్న బ్యాటరీ నడవడం లాంటిదే. రేకు మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదులుతుంది, ఇంకోచోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. మధ్యలో మంచినీటి బదులు ఉప్పునీరు ఉంటే ఆ వ్యవహారం చాలా వేగంగా సాగిపోతుంది.

మంచు దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లేది నీరు గడ్డకట్టకుండా ఉండటానికి. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 1938 ప్రాంతంలో మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పుడు ఏటా 2 కోట్ల టన్నుల దాకా ఉప్పు చల్లేంతవరకు వచ్చింది. కార్ల పరిశ్రమకు పేరుపడ్డ డెట్రాయిట్ నగరం కిందే, 1,100 అడుగులకు పైగా లోతులో, పెద్ద ఉప్పు గని ఉంది. అక్కడ తవ్విన ఉప్పును రోడ్ల మీదే వాడతారు.

మామూలు రాతి ఉప్పు మైనస్ 9 డిగ్రీల వరకు బాగా పనిచేస్తుంది. చలి అంతకన్నా ఎక్కువైతే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కలుపుతారు. కారుకు ఇవి ఇంకా ప్రమాదం. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితేనే చెమ్మగిల్లుతుంది. మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం ఉన్నా చాలు. అంటే ఎండ కాసి రోడ్డంతా ఆరిపోయిన రోజున కూడా కారు అడుగున అంటుకున్న ఆ పూత తడిగానే ఉంటుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. గడ్డకట్టే చలిలో తుప్పు నెమ్మదిగా పడుతుంది, వెచ్చదనం తగిలితే వేగం పుంజుకుంటుంది. ఉప్పు పట్టిన కారును రాత్రి హీటర్ ఉన్న గ్యారేజీలో పెట్టడం మనకు జాగ్రత్తలా అనిపిస్తుంది గానీ రేకుకు అది మేలు కాదు. అలాగే నడిశీతాకాలం కన్నా మార్చి, ఏప్రిల్‌లో మంచు కరిగి రోడ్లన్నీ ఉప్పునీటి మడుగులయ్యే రోజులు ఎక్కువ నష్టం చేస్తాయి.

ఇది అందచందాల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. అమెరికాలో టయోటా పికప్ ట్రక్కుల ఫ్రేములు తుప్పు పట్టిన కేసులో 2016లో కుదిరిన రాజీకి అయ్యే ఖర్చు 340 కోట్ల డాలర్ల వరకు ఉండొచ్చని లెక్క కట్టారు. దాదాపు 15 లక్షల వాహనాల వ్యవహారం అది. అంతకు ముందు 2015లో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ, చలి ప్రాంతాల్లో పాత బళ్ల బ్రేకు పైపులు ఉప్పుకు తినేసుకుపోయి పగులుతున్నాయని, అడుగు భాగం కడిగించి తనిఖీ చేయించుకోవాలని వాహనదారులను హెచ్చరించింది. డోరు కింద తుప్పు పడితే చూడటానికి బాగోదు, అంతే. బ్రేకు పైపుకు పడితే ప్రాణాల మీదికి వస్తుంది. మా మేనకోడలికి ముందుగా చెప్పింది ఈ పైపుల గురించే.

గట్టిపడే కోటింగ్, మెత్తటి పూత

షోరూముల్లో ఎక్కువగా అమ్మేది గట్టిపడే రకం: రబ్బర్ కలిసినవి, తారు లాంటి బిటుమెన్ ఉన్నవి. దీని గుణాలు నిజంగానే ఉన్నాయి. కంకర రాళ్ల దెబ్బకు ఆగుతుంది, లోపలికి రోడ్డు శబ్దం తగ్గుతుంది, ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన, తడి అంటని రేకు మీద, చక్రాల పైన ఉండే వంపులకు వేస్తే పనికొస్తుంది. చాలా కార్లకు అక్కడ కంపెనీయే అలాంటి పూత వేసి పంపుతుంది.

దీని జబ్బు నా కారు కథలో చూశారు. కాలం గడిచేకొద్దీ గట్టిపడి బీటలు వారుతుంది. వెంట్రుకంత బీటలోంచి ఉప్పునీరు లోపలికి దూరుతుంది, బయటికి ఆరే దారి ఉండదు. పైకి నున్నగా కనిపిస్తూనే లోపల రేకు పోతుంది. ఇప్పటికే కొద్దిగా తుప్పున్న రేకు మీద దీన్ని కొట్టడమంటే పుండు కడగకుండా కట్టు కట్టడమే. ఉప్పు చల్లే ఊళ్లలో నేనైతే దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఎంచుకోను.

రెండో రకం నూనె పూతలు. కెనడాలో క్రౌన్, రస్ట్ చెక్ పేర్లతో, అమెరికాలో ఫ్లూయిడ్ ఫిల్మ్, ఊల్‌వ్యాక్స్ పేర్లతో దొరికేవి ఇవే. కొన్ని పెట్రోలియం నూనెలు, కొన్ని గొర్రె ఉన్నిలోంచి తీసే లానోలిన్ అనే జిడ్డుతో చేసినవి. ఇవి ఆరవు, గట్టిపడవు. రేకుల అతుకుల్లోకి, బోల్టుల వెనకకి, వెల్డింగ్ సందుల్లోకి వాటంతట అవే పాకుతాయి. తుప్పు మొదలయ్యేది సరిగ్గా అక్కడే కాబట్టి ఈ పాకే గుణమే వీటి అసలు బలం. పాత తుప్పు మీద కొట్టినా దానిలోకి ఇంకి, నీటిని పక్కకు నెట్టి, వేగం తగ్గిస్తాయి. పదేళ్ల పాత కారుకు నేను ధైర్యంగా చెప్పగలిగేది ఇదొక్కటే.

ఇబ్బందులూ ఉన్నాయి. ఏటా వేయించాలి. వేసిన ఒకటి రెండు రోజులు నేల మీద చుక్కలు కారతాయి. అపార్ట్‌మెంట్ పార్కింగ్ అయితే కింద అట్టముక్క పరచాలి. లానోలిన్ రకానికి కొన్నాళ్లు ఉన్ని వాసన వస్తుంది. పెట్రోలియం నూనె కొన్ని రకాల రబ్బరును ఉబ్బేలా చేస్తుంది కాబట్టి డోర్ల రబ్బరు బీడింగ్ మీద పడితే తుడిచేయమని చెప్పాలి. కొన్ని చోట్ల రన్నింగ్ బోర్డుల్లోకి (డోర్ల కింద పొడవునా ఉండే బోలు రేకులోకి) నూనె పంపడానికి చిన్న రంధ్రాలు వేసి ప్లాస్టిక్ బిరడాలు పెడతారు. కొత్త కారుకు అలా వేయించే ముందు కంపెనీ వారంటీ పుస్తకం ఒకసారి తిరగేయాలి.

మూడోది మైనం. యూరప్‌లో దీని వాడకం ఎక్కువ. బ్రిటన్‌లో వ్యాక్సాయిల్, స్వీడన్‌లో పుట్టిన డినిట్రాల్ బాగా తెలిసిన పేర్లు. నూనెలా కారదు, రబ్బరులా పెచ్చులూడదు. డోర్ల లోపల, రన్నింగ్ బోర్డుల లోపల, చాసిస్ పెట్టెల్లాంటి ఖాళీల్లో పొడవాటి గొట్టంతో కొడితే కొన్నేళ్లు నిలుస్తుంది. ఒక్క షరతు: కొట్టేవాడికి ఓపిక ఉండాలి. ఏ ఖాళీకి దారి ఎక్కడుందో తెలియకుండా పైపైన కొడితే డబ్బు దండగ. సరిగ్గా కొట్టగల మనిషి దొరికితే లోపలి ఖాళీలకు మైనం, బయటి అడుగుకు నూనె. ఇంతకన్నా మంచి జోడీ నాకు తెలియదు.

ఇక బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ పెట్టెలు. తుప్పును కరెంటుతో ఆపేస్తాం అంటారు. ఓడలకు, నేలలో పాతిన పైపులకు అలాంటి పద్ధతి నిజంగానే ఉంది. కానీ ఓడ అడుగు భాగం ఎప్పుడూ నీటిలో మునిగి ఉంటుంది, కరెంటు పారడానికి చుట్టూ ఉప్పునీటి దారి ఉంటుంది. కారు గాలిలో నడుస్తుంది, అక్కడక్కడ మాత్రమే తడిసి ఉంటుంది. ఆ దారి పూర్తవదు. 1990ల్లో అలాంటి పెట్టెలు అమ్మిన ఒక కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తప్పుడు ప్రకటనల కింద చర్య తీసుకుంది. ఎంత తగ్గించి ఇచ్చినా కొనకండి.

సెరామిక్ కోటింగ్, టెఫ్లాన్ కోటింగ్, పారదర్శక ఫిల్మ్ ఇవన్నీ పైపెయింటుకు సంబంధించినవి. మెరుపుకు, గీతలకు వాటి లెక్క వాటిది. తుప్పుతో వాటికి పని లేదు. మన షోరూముల్లో యాంటీ రస్ట్, టెఫ్లాన్ రెండూ కలిపి ఒక ప్యాకేజీగా చెబుతారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. విడదీసి ధర అడగండి.

నోవైకి చెప్పింది

"కారు ఎన్నేళ్లు ఉంచుకుంటారు?" అని అడిగాను. ఎంపిక అంతా ఈ జవాబు మీదే ఆధారపడుతుంది. అక్కడ మన పిల్లలు చాలామంది మూడేళ్ల లీజు మీద తీసుకుంటారు. లీజు బండికి కోటింగ్ ఏదీ అక్కర్లేదు, చలికాలంలో అడుగు కడిగిస్తే చాలు. ఐదారేళ్లలో అమ్మేసేవాళ్లకూ కడగడమే ముఖ్యం. మనసుకు నెమ్మది కావాలంటే నూనె కొట్టించుకోవచ్చు. వీళ్లు మాత్రం పదేళ్లు వాడాలనుకుంటున్నారు. అయితే 900 డాలర్ల ప్యాకేజీ మానేసి, మొదటి ఏడాది నుంచే ప్రతి శరదృతువులో, తొలి ఉప్పు రోడ్డు మీద పడక ముందే, నూనె పూత వేయించమన్నాను. అక్కడ దానికి సుమారు 150 నుంచి 200 డాలర్లు.

ఆ పిల్ల లెక్కల్లో గట్టిది. "పదేళ్లకు 1,500 దాటుతుంది కదా మావయ్యా, 900 ఒక్కసారే కదా?" అంది. న్యాయమైన ప్రశ్నే. ప్యాకేజీ కాగితం ఫొటో తీసి పంపమన్నాను. అందులో ఉన్నది గట్టిపడే రకం. హామీ వర్తించాలంటే ఏటా వాళ్ల దగ్గరికే తీసుకెళ్లి తనిఖీ చేయించాలి. ఒక్క ఏడాది తప్పినా హామీ పోతుంది. పైగా హామీ ఇచ్చేది రేకు లోపలి నుంచి బయటికి చిల్లు పడితేనే. బ్రేకు పైపులు, సస్పెన్షన్, పైపైన పట్టే తుప్పు ఇవేవీ అందులో లేవు. చిల్లు పడకుండా కార్ల కంపెనీలే చాలావరకు ఐదేళ్లు, కొన్ని అంతకన్నా ఎక్కువ హామీ ఇస్తాయి. ఇప్పటి కార్ల రేకులకు జింకు పూత ఉంటుంది, బాడీ మొత్తాన్ని ప్రైమర్ తొట్టిలో ముంచి తీస్తారు. పోర్షే 1970ల నడుమ, ఆడీ 1980ల్లో బాడీ అంతటికీ జింకు పట్టించడం మొదలుపెట్టాక ఆ దారి పరిశ్రమంతా పాకింది. అందుకని కొత్త కారుకు మొదటి ఐదేళ్లలో చిల్లు పడే అవకాశమే తక్కువ. ఆ 900 డాలర్లు కొనిచ్చే హామీ, దాదాపు అక్కర్లేని కాలానికి. నూనె పూత మాత్రం పదో ఏడు కూడా బ్రేకు పైపు మీద తాజాగా ఉంటుంది.

అంతకన్నా ముఖ్యంగా కడగడం గురించి చెప్పాను. చలికాలం పొడవునా పది పన్నెండు రోజులకోసారి, అడుగు నుంచి నీళ్లు కొట్టే ఆటోమేటిక్ వాష్‌కు వెళ్లాలి. ఉష్ణోగ్రత సున్నా దాటిన రోజు చూసుకోవాలి, లేకపోతే డోర్ల రబ్బర్లు, తాళాలు గడ్డకట్టుకుపోతాయి. కొన్ని వాష్‌లు వాడిన నీటినే వడకట్టి మళ్లీ అడుగుకు కొడతాయి. ఆఖరి విడతైనా మంచినీళ్లు కొడతారా అని అడగడం మంచిది. ఏప్రిల్‌లో మంచు పూర్తిగా పోయాక ఒకసారి తీరిగ్గా, చక్రాల వంపుల వెనక, వెనక బంపర్ లోపల పైపుతో నీళ్లు పట్టి కడగాలి. ఏడాది మొత్తంలో ఒక్కసారే కడుగుతాను అనేవాళ్లు ఉంటే ఆ ఒక్కసారీ ఇదే కావాలి. కోటింగ్ లేకుండా బాగా కడిగిన కారు, కోటింగ్ వేసి కడగని కారు కన్నా నయం.

ఇక మన హైదరాబాద్

సముద్రానికి మూడు వందల కిలోమీటర్ల దూరంలో, ఎత్తైన పీఠభూమి మీద ఉన్న ఊరు ఇది. రోడ్ల మీద ఉప్పు లేదు. వేసవిలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే ఉతికిన బట్టలు అరగంటలో ఆరతాయి. రేకుకు ఇంత అనుకూలమైన వాతావరణం మన తీరప్రాంతంలో ఎక్కడా లేదు. అందుకే పక్కింటాయనకు 6,500 రూపాయల కోటింగ్ వద్దన్నాను.

మరి ఇక్కడ కార్లకు తుప్పెందుకు పడుతోంది? ఆటోనగర్‌లో, నాచారం షెడ్లలో టింకరింగ్‌కు వచ్చిన కార్లను నేను చాలా చూశాను. దాదాపు ప్రతిదానిలోనూ కారణం ఒకటే, నీరు ఎక్కడో నిలిచిపోవడం. వైపర్ల కింద ఉండే జాలీలో వేపాకులు, పూరేకులు పేరుకుని నీళ్లు పోయే దారి మూసుకుపోతుంది. డోర్ల అడుగు అంచున ఉండే చిన్న రంధ్రాలు మట్టితో పూడిపోతాయి, వాన నీరు డోరు లోపలే ఉండిపోతుంది. ఏసీ నీళ్ల పైపు మూసుకుపోయి కార్పెట్ కింద నెలల తరబడి చెమ్మ ఉంటుంది. చక్రాల వంపుల్లో నల్లరేగడి బురద గట్టిపడి, ప్రతి వానకూ స్పాంజిలా నీరు పీల్చుకుంటుంది. వానాకాలమంతా ప్లాస్టిక్ కవర్ కప్పి ఉంచిన కారు లోపల ఉక్కపోతకు చెమటలు పడుతుంది. ఏ కోటింగ్ వేసినా వీటిలో ఒక్కటీ ఆగదు.

కాబట్టి ఖర్చు లేని పని ముందు చేయండి. జూన్‌కు ముందు ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి డోర్ల కింద రంధ్రాలను అగ్గిపుల్లతో శుభ్రం చేయండి. పుల్ల లోపలికి వెళ్లి నీరు కారితే, ఆ నీరు అప్పటిదాకా అక్కడే ఉందన్నమాట. బానెట్ తెరిచి ఆకులు తీసేయండి. మ్యాట్లు ఎత్తి చేత్తో తడిమి చూడండి. చిన్న కార్లలో చక్రాల వెనక ప్లాస్టిక్ లైనర్, మడ్ ఫ్లాప్ లేకపోతే అవి పెట్టించండి. కోటింగ్ ఖర్చులో కొద్ది భాగంతో అయిపోతుంది, లాభం ఎక్కువ. చిన్న గీత పడి రేకు తేలిన చోట వారంలోపే టచప్ పెయింటు పెట్టండి.

హైదరాబాద్‌లోనూ కోటింగ్ వేయించాల్సినవాళ్లు ఉన్నారు. ఏటా వానాకాలంలో మోకాలి లోతు నీళ్లు నిలిచే కాలనీల్లో ఉండేవాళ్లు, సైట్ల చుట్టూ కంకర రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్లు, రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు దాటాక కూడా రెన్యువల్ చేయించుకుని అదే కారు వాడాలనుకునేవాళ్లు. వీళ్లు మెత్తటి మైనం రకం అడగండి. ఇక్కడ త్రీఎమ్, వుర్త్ లాంటి కంపెనీల సరుకు దొరుకుతుంది. చిన్న కారుకు, పెద్ద కారుకు తేడాతో 3,000 నుంచి 7,000 రూపాయల దాకా అడుగుతారు. డబ్బా మీద ఏముందో మీరే చదవండి. కొట్టాక పొర మెత్తగా ఉంటుందా, గట్టిపడుతుందా అని అడగండి.

ఎవరి దగ్గర వేయించినా నాలుగు మాటలు ముందే ఒప్పించుకోవాలి. వానల్లో వద్దు, ఫిబ్రవరి నుంచి మే లోపే. ఈరోజు కడిగితే కోటింగ్ రేపే, రాత్రంతా ఆరాలి. సైలెన్సర్‌కు, బ్రేకులకు, నీళ్లు పోయే రంధ్రాలకు పూత అంటకుండా టేపు వేయాలి, ఆ రంధ్రాలు మూసుకుపోతే కోటింగే తుప్పుకు కారణమవుతుంది. కోటింగ్‌కు ముందు, తర్వాత అడుగు ఫొటోలు మీ ఫోన్‌కు పంపాలి. వీటికి ఒప్పుకోని షాపు నుంచి లేచి వచ్చేయండి. నేను 2011లో ఇందులో ఒక్కటీ అడగలేదు.

ఇప్పటికే ఎర్రబడిన చోట రేకు గట్టిగా ఉంటే వైర్ బ్రష్‌తో వదులుగా ఉన్న పెచ్చులన్నీ దులిపి, రస్ట్ కన్వర్టర్ పూయవచ్చు. అందులోని ట్యానిక్ ఆమ్లం లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును నల్లటి గట్టి పొరగా మారుస్తుంది, దాని మీద ప్రైమర్ వేసుకోవచ్చు. స్క్రూడ్రైవర్ నొక్కితే దిగబడే రేకుకు మాత్రం కోత, వెల్డింగ్ తప్పవు. లప్పం పెట్టి రంగు కొట్టి ఇస్తామంటే వద్దనండి, రెండు వానాకాలాలకు మించి ఆగదు.

కాలిన ఇంజిన్ ఆయిల్ చాసిస్‌కు కొట్టడం లారీలవాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉన్న అలవాటు. డబ్బు ఖర్చు లేదు, జిడ్డు నిజంగానే నీటిని ఆపుతుంది. అయినా నేను వద్దంటాను. అందులో ఇంజిన్ లోపలి మసి, ఆమ్లాలు ఉంటాయి, రబ్బర్ బుష్‌లు పాడవుతాయి, వానకు కొట్టుకుపోయి నేరుగా మన నాలాల్లో కలుస్తుంది.

2020 అక్టోబర్ వరదల్లో టోలిచౌకి నదీమ్ కాలనీ లాంటి చోట్ల కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలా మునిగిన కారుకు కోటింగ్ గురించి ఆలోచించడం తర్వాత. ముందు సీట్లు, కార్పెట్ అన్నీ విప్పించి, లోపలి నేల రేకును పూర్తిగా ఆరబెట్టించాలి. వాడిన కారు కొనేవాళ్లు కూడా స్టెప్నీ గుంటలో, సీటు పట్టాల బోల్టుల మీద, సీటు బెల్టు పూర్తిగా లాగి దాని చివర చూడాలి. కొత్త పెయింటు కిందా పైనా ఎంత మెరిసినా ఈ మూడు చోట్ల మరక దాగదు. అడుగున మాత్రమే కొత్తగా నల్ల కోటింగ్ కొట్టి ఉన్న పాత కారైతే ఇంకా జాగ్రత్త. దాని కింద ఏముందో గీకి చూడనివ్వమని అడగండి.

కాకినాడ కారు

మా అక్క ఉండేది కాకినాడలో, సముద్రానికి దగ్గర్లో. ఆమె కారుకు నా జవాబు హైదరాబాద్ కన్నా నోవైకే దగ్గర. అక్కడ ఉప్పు రోడ్డు మీద కాకుండా గాలిలోనే ఉంటుంది. ఏడాది పొడవునా ఉంటుంది, ఏప్రిల్‌లో కరిగి పోయేది కాదు. విశాఖ, బాపట్ల, మచిలీపట్నం, చెన్నైలలో ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అలాంటి చోట మెత్తటి పూత ఏటా తప్పనిసరి, పదిహేను రోజులకోసారి అడుగు కడగడమూ తప్పనిసరి.

హైదరాబాద్ నుంచి అటు వెళ్లొచ్చేవాళ్లకు చిన్న మాట. సూర్యలంక బీచ్ ఇసుకలో కారు దింపితే తిరుగు ప్రయాణంలోనే, ఇంటికి రాకముందే, ఎక్కడో ఒక వాటర్ సర్వీసింగ్ దగ్గర ఆపి అడుగు కడిగించండి. భీమవరం నుంచి రొయ్యలు, చేపలు ఐసు పెట్టెలో తెచ్చుకుంటే ఆ నీరు డిక్కీలో కారి స్టెప్నీ గుంటలో నిలుస్తుంది. పైన మ్యాట్ ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. నేను చూసిన కార్లలో డిక్కీ అడుగు తినేసిన సందర్భాలు మూడుంటే, వాటిలో రెండు ఈ ఐసు నీళ్లవే.

అక్క కారుకు నేనే పూత కొడతాను. సంక్రాంతికి వెళ్లేటప్పుడు లానోలిన్ స్ప్రే డబ్బాలు రెండు మూడు, వాటికి తగిలించే సన్నటి పొడవాటి గొట్టం సంచిలో పెట్టుకుంటాను. భోగి ముందు రోజు కారు కడిగి ఎండలో వదిలేస్తాం. కనుమ మరునాడు దగ్గర్లోని సర్వీసింగ్ ర్యాంప్ గంటసేపు అద్దెకు తీసుకుని, ముందు బ్రేకు పైపులకు, తర్వాత రన్నింగ్ బోర్డుల లోపలికి, చివర వెనక చక్రాల వంపుల అంచులకు కొడతాను. పన్నెండో ఏడు నడుస్తున్న కారు. కిందటి జనవరిలో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసిన ప్రతి చోటా రేకు టంగున మోగింది.